ప్రశ్న ఎవరిది? దేహం ఎవరిది?

వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం రాజ్యంలో వేసిన రైలుమార్గం మీద 1874లో బండ్లు నడవడం మొదలైంది. బొంబాయి నుంచి హైదరాబాదుకు వచ్చే రైలుదారి అప్పట్లో అదొక్కటే. తాండూరు, వికారాబాదు స్టేషన్లు దాటుకుంటూనే రావాలి. 1889 చివర్లో లండన్ నుంచి డాక్టర్ థామస్ లాడర్ బ్రంటన్ అనే ప్రముఖ ఔషధ శాస్త్రజ్ఞుడు హైదరాబాదు వచ్చాడు. క్లోరోఫామ్ ఇచ్చినప్పుడు రోగి చనిపోతే ముందు ఆగేది గుండెా, ఊపిరా అనే వాదాన్ని ఇక్కడి వైద్య పాఠశాలలో జరిగే ప్రయోగాలతో తేల్చడం ఆయన వచ్చిన పని.

అదే రైలుదారి మీద ఉన్న వికారాబాదులో 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఏటా వంద సీట్లు. ఇప్పుడు దేశంలో వైద్యవిద్య చదివేవారిలో దాదాపు సగం మంది అమ్మాయిలు. వాళ్లు పాఠాలు చదవడంతో ఆగిపోరు. ఆస్పత్రిలో చూసిన కేసుల మీదా, ప్రయోగశాలలో చేసిన పరీక్షల మీదా చిన్న చిన్న పరిశోధనలు చేసి, పోస్టర్లు కట్టి, పది నిమిషాల ప్రసంగాలతో తోటివారి ముందు నిలబడతారు. భారత వైద్య పరిశోధనా మండలి 1979 నుంచీ ఎంబీబీఎస్ విద్యార్థులకు రెండు నెలల పరిశోధనకు ఉపకార వేతనం ఇస్తోంది. పీజీ విద్యార్థులకు థీసిస్ తప్పనిసరి. కొత్త కాలేజీ రావడమంటే కొత్త పరిశోధకులు రావడం, వాళ్లతోపాటు పరిశోధన జరగబోయే కొత్త దేహాలు కూడా రావడం.

నేను చదువుకున్నది సాహిత్యం. వైద్యశాస్త్రంలో తప్పొప్పులు ఎంచే అర్హత నాకు లేదు. కానీ ఏ నివేదికైనా ఒక కథనమే. అందులో ఎవరికి పేరుంది, ఎవరికి అంకె మాత్రమే ఉంది, ఎవరు 'నేను' అనగలిగారు, ఎవరి మాట వేరొకరి భాషలోకి మారి వచ్చింది అని అడగడం మాకు నేర్పిన విద్య. ఆ చూపుతో మన ప్రాంతపు వైద్య పరిశోధనల చరిత్రను ఒకసారి తిరగేస్తే, వికారాబాదు వేదిక మీద రేపు నిలబడబోయే అమ్మాయికి ఆ చరిత్ర చెప్పవలసిన సంగతులు చాలా ఉన్నాయనిపిస్తుంది.

కాలి గోరు నుంచి క్లోరోఫామ్ కమిషన్ దాకా

క్లోరోఫామ్ కథలో స్త్రీలు మొదటినుంచీ ఉన్నారు. ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ 1847 నవంబరులో దాన్ని కాన్పు నొప్పులకు వాడాడు. మూడు నెలలు తిరగకుండానే, 1848 జనవరిలో, ఇంగ్లండ్‌లో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయి కాలి గోరు తీయించుకోవడానికి క్లోరోఫామ్ పీల్చి నిమిషాల్లో చనిపోయింది. క్లోరోఫామ్ చావుల చరిత్ర ఆమె పేరుతోనే మొదలవుతుంది. 1853లో విక్టోరియా రాణి కాన్పుకు అదే మందు వాడారు. రాణిగారు వాడాక దానికి మర్యాద వచ్చింది. గోరు కోసం వచ్చిన పిల్ల ఎందుకు చనిపోయిందో మాత్రం అరవై ఏళ్ల దాకా తేలలేదు.

హైదరాబాదు వైద్య పాఠశాల 1846లో మొదలైంది. నిజాం నాసిరుద్దౌలాకు వైద్యం చేసిన రెసిడెన్సీ సర్జన్ మెక్లీన్ దాన్ని నడిపాడు. చదువు ఉర్దూలో సాగేది. 1885లో ఎడ్వర్డ్ లారీ రెసిడెన్సీ సర్జనుగా వచ్చి పాఠశాల బాధ్యత తీసుకున్నాక రెండు పెద్ద మార్పులు జరిగాయి. బోధన ఇంగ్లీషులోకి మారింది. స్త్రీలకు ప్రవేశం దొరికింది. ఆ మొదటి జట్టులో చేరిన ఐదుగురిలో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ యువతి ఒకరు.

ఈ ప్రవేశాన్ని ఉదారతగా మాత్రమే చూడలేం. మద్రాసు వైద్య కళాశాల 1875లోనే స్త్రీలను చేర్చుకుంది. డఫరిన్ ఫండ్ మొదలైందీ 1885లోనే. పరదా వెనకున్న స్త్రీలను మగ డాక్టరు తాకలేడు. కాబట్టి ఆడ డాక్టర్లు కావాలి. అంటే స్త్రీలకు వైద్యవిద్య దొరికింది స్త్రీలకు చదువు హక్కు అనే మాట మీద కాదు, స్త్రీలకు వైద్యం అందించే చేతులు కావాలన్న అవసరం మీద. జనానా ఆస్పత్రికి నర్సునో, మంత్రసానినో, డాక్టరునో తయారుచేయడమే లక్ష్యం. ఆమెకొక ప్రశ్న ఉంటుందని, దాన్ని ప్రయోగశాలలోకి తీసుకెళ్లగలదని ఎవరూ అనుకోలేదు. అయినా హైదరాబాదులో ఆ విద్యార్థినులు చదువుకున్న నాలుగేళ్లూ ఆ పాఠశాల ప్రపంచం కళ్లన్నీ తనవైపు తిరిగేలా ప్రయోగాలు చేసిన కాలమైంది.

ఎడిన్‌బరోలో సైమ్ దగ్గర లారీ నేర్చుకున్న పాఠం ఒకటుంది. క్లోరోఫామ్ ఇచ్చేటప్పుడు నాడి పట్టుకుని కూర్చోనక్కర్లేదు, ఊపిరిని గమనించాలి. ఊపిరి ముందు తప్పుతుంది, గుండె తర్వాత ఆగుతుంది. లండన్ వైద్యులు దీన్ని ఒప్పుకోలేదు. 1888లో హైదరాబాదులో మొదటి కమిషన్ వీధికుక్కల మీద ప్రయోగాలు చేసి లారీ మాటే నిజమంది. 1889 ఆరంభంలో వైద్య పాఠశాల విద్యార్థులకు బహుమతులిచ్చే సభకు కన్నాట్ డ్యూక్ దంపతులు వచ్చారు. ఆ సభలో లారీ ఈ ఫలితాన్ని ప్రకటించాడు. లండన్ నుంచి వెలువడే లాన్సెట్ పత్రిక దాన్ని శంకించింది. అప్పుడు నిజాం ప్రభుత్వం వెయ్యి పౌండ్లు ఇచ్చి, మీ మనిషినే పంపండి, ఇక్కడే మళ్లీ చేసి చూడండి అంది. బ్రంటన్ రాక వెనక కథ ఇది.

రెండో కమిషన్‌లో బ్రంటన్, లారీ, కలకత్తా నుంచి వచ్చిన బామ్‌ఫర్డ్, హైదరాబాదుకు చెందిన డాక్టర్ రుస్తుంజీ సభ్యులు. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, పిల్లులు, కుందేళ్లు అన్నీ కలిపి నాలుగు వందలకు పైగా జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. రక్తపోటును పొగపట్టించిన కాగితం మీద గీతలుగా నమోదు చేసే యంత్రాలు వాడారు. క్లోరోఫామ్ వల్ల ప్రమాదం ఊపిరాడకపోవడం, మోతాదు మించడం వల్లే వస్తుంది, గుండె మీద నేరుగా కాదు అని బ్రంటన్ లండన్‌కు తంతి పంపాడు. 1890లో లాన్సెట్ ఆ నివేదిక అచ్చువేసింది. ఒక దేశీ సంస్థానంలోని పాఠశాల లండన్‌ను సవాలు చేసి నెగ్గినట్టు లెక్క.

నెగ్గింది శాశ్వతంగా కాదు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో, క్లోరోఫామ్ మత్తు తేలికగా ఉన్నప్పుడే, భయం వల్లా ఉద్రేకం వల్లా పెరిగే అడ్రినలిన్‌కు గుండె గదులు లయ తప్పి అదిరి హఠాత్తుగా ఆగిపోగలవని తేలింది. హైదరాబాదు కమిషన్ జంతువులకు గాఢమైన మత్తు ఇచ్చి చూసింది. గాఢమైన మత్తులో ఊపిరే ముందు ఆగుతుంది. వాళ్లు చూసింది అబద్ధం కాదు. చూడనిది ఒకటుంది. ఆస్పత్రి బల్ల మీద భయంతో వణికిపోయే మనిషి, సగం మత్తులో కత్తి తగిలిన మనిషి వాళ్ల లెక్కలోకి రాలేదు. హన్నా గ్రీనర్ కూడా ఆపరేషనంటే భయపడి ఏడ్చిన పిల్ల అని ఆనాటి సాక్ష్యాలు చెబుతాయి. భయాన్ని కొలిచే అంకె లేనందువల్ల పరిశోధన దాన్ని వదిలేసింది. ఊపిరిని జాగ్రత్తగా గమనించాలన్న లారీ పాఠం వల్ల బతికినవాళ్లు ఉన్నారు. గుండెకు భయం లేదన్న ధీమా వల్ల పోయినవాళ్లూ ఉండి ఉంటారు.

'చేయబడినది' అనే క్రియ

లారీ దగ్గర క్లోరోఫామ్ ఇచ్చే పని విద్యార్థులదే. 1901లో ఆయన తెచ్చిన క్లోరోఫామ్ చేతిపుస్తకం కూడా విద్యార్థుల కోసం రాసిందే. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో వేల ఆపరేషన్లకు మత్తు ఇచ్చిన చేతుల్లో స్త్రీల చేతులూ ఉన్నాయి. రూపాబాయి 1889లో చదువు ముగించి 'హకీమ్' పట్టా పొందారు. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు డాక్టరుగా ఇవాళ వైద్య చరిత్రకారులు ఆమెను చెబుతున్నారు. 1909లో ఆమె ఎడిన్‌బరో వెళ్లి భౌతిక, రసాయన శాస్త్రాలు చదివారు. ఇరవై ఏళ్లు మత్తు ఇచ్చిన డాక్టరు మళ్లీ విద్యార్థినిగా మారి, ఆ మందు ఎలా పనిచేస్తుందో తెలిపే మూలశాస్త్రాల్ని వెతుక్కుంటూ సముద్రాలు దాటడం నాకు చాలా విలువైన విషయంగా కనిపిస్తుంది. అది ఉద్యోగానికి కావలసిన చదువు కాదు. ఒక ప్రశ్న ఉన్న మనిషి చదువు.

కానీ ఆ ప్రశ్నను ఆమె మాటల్లో చదవడానికి మనకేం మిగిలింది? కమిషన్ పేరు మీద ఉన్నవి మగవారి పేర్లు. ప్రయోగ నివేదికల భాష కర్మణి ప్రయోగాల భాష. క్లోరోఫామ్ ఇవ్వబడింది, గీత నమోదు చేయబడింది, జంతువు చనిపోయినట్టు గమనించబడింది. తెలుగులో కూడా పాఠ్యపుస్తకాల సైన్సు మనకు ఈ 'బడు' ధాతువుతోనే వచ్చింది. చేసినవారు మాయమైతే శాస్త్రానికి నిష్పాక్షికత వస్తుందని నమ్మకం. కానీ అందరూ ఒకే రకంగా మాయం కారు. పెద్ద డాక్టరు పేరు పైన అట్ట మీద ఉంటుంది, లోపల వాక్యాల్లో లేకపోయినా నష్టం లేదు. గుడ్డ మీద చుక్కలు వేసిన విద్యార్థిని, కుక్కల్ని పట్టుకొచ్చిన కూలీ, నేల కడిగిన మనిషి వాక్యంలో లేకపోతే ఇంకెక్కడా ఉండరు.

పరిశోధనకు దేహాన్నిచ్చిన వాళ్ల సంగతి మరీ విచిత్రం. 1897 ఆగస్టులో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనుక్కున్నాడు. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని. దోమకు ఒక అణా చొప్పున రాస్ అతనికి డబ్బిచ్చాడు. ఆ లెక్క రాసిపెట్టినందువల్లే ఆ పేరు మిగిలింది. మన ప్రాంతపు వైద్య పరిశోధనలో రోగి పేరు తెలిసిన అరుదైన సందర్భమిది. అదీ మగవాడి పేరే.

ఇదే కాలంలో ఇంకొక విద్యార్థిని తన పరిశోధనను తన పేరుతోనే సమర్పించింది. ఆనందీబాయి జోషి 1886లో పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో పట్టా కోసం ఇచ్చిన థీసిస్ హిందువుల ప్రసూతి పద్ధతుల మీద. పద్నాలుగేళ్లకు తల్లయి, పుట్టిన బిడ్డను పది రోజులకే పోగొట్టుకున్న మనిషి కాన్పును పరిశోధనాంశంగా ఎంచుకోవడం యాదృచ్ఛికం అనుకోలేం. ఆమె శాస్త్రాల్లోని ప్రసూతి నియమాలను తవ్వి తీసింది. అందులో స్వదేశాభిమానం ఉంది, సంప్రదాయాన్ని సమర్థించుకునే ధోరణీ ఉంది. దాన్ని ఇవాళ మనం విమర్శించవచ్చు. కానీ ప్రశ్న తనది. మరుసటి ఏడాదే, ఇరవై రెండేళ్లు నిండకుండానే, ఆమె క్షయతో చనిపోయింది.

మిల్లు కూలీల రక్తం, మాత్రలోని మందు

ప్రశ్న స్త్రీల దేహాల దగ్గర మొదలై, జవాబు మళ్లీ స్త్రీలకే చేరిన సందర్భం ఒకటుంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయి వచ్చి, గర్భిణులైన బట్టల మిల్లు కార్మికుల్లో వచ్చే ఒక తీవ్ర రక్తహీనతను పరిశీలించింది. ఎర్ర రక్తకణాలు ఉండవలసినదానికంటే పెద్దవిగా, తక్కువగా ఉండేవి. వాళ్లు తినే తిండిని గమనించి, ఈస్టు సారం ఇస్తే ఆ రక్తహీనత తగ్గుతోందని ఆమె 1931లో ప్రకటించింది. ఆ సారంలో ఏముందో అప్పటికి తెలియదు. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో మన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని బృందం ఆ పదార్థాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అదే ఫోలిక్ ఆమ్లం. హార్వర్డులో పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడే, 1925లో, సుబ్బారావు ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటించారు. విద్యార్థి చేసిన ప్రయోగశాల పరిశోధన ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి తెలుగువాళ్లకు అంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు.

ఇవాళ తాండూరు మండలంలోని ఏ పల్లెలోనైనా ఆశా కార్యకర్త గర్భిణి చేతిలో పెట్టే ఐరన్ మాత్రలో ఆ ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. అయినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. మందు కనిపెట్టి ఎనభై ఏళ్లయింది. కాబట్టి మిగిలింది మందు ప్రశ్న కాదు. ఇంట్లో ఎవరు చివర తింటారు, మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పినప్పుడు పనికి ఎలా వెళతారు, కందులు పండించే ఇంట్లో ఆడమనిషి విస్తట్లోకి పప్పు ఎన్నిరోజులు వస్తుంది అనే ప్రశ్నలు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కంది చేలల్లో కలుపు తీసి, కాయ కోసి, కట్టె కొట్టే ఆడకూలీల రక్తంలో ఇనుమెంతో చూడాలనుకునే విద్యార్థినికి పరిశోధనాంశం కోసం దూరం వెళ్లవలసిన పనిలేదు.

అనంతగిరి గాలి

వికారాబాదు పేరు చెప్పగానే పాతతరం వాళ్లకు గుర్తొచ్చేది అనంతగిరి. మూసీ పుట్టిన గుట్టలు, అడవి, గాలి, క్షయ రోగుల శానిటోరియం. మందు లేని కాలంలో క్షయకు చికిత్స అంటే మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. ఆ మూడూ స్త్రీకి దొరకనివే. ఇల్లూ పిల్లల్నీ వదిలి నెలల తరబడి గుట్ట మీద ఉండగలిగిన ఆడవాళ్లు ఎందరుంటారు? వెళ్లి వచ్చినామె మళ్లీ ఇంట్లోకి రాగలిగిందా?

1956లో మద్రాసులో మొదలైన ఒక పరిశోధన శానిటోరియాల రాతను మార్చేసింది. క్షయ రోగుల్ని లాటరీ పద్ధతిన రెండు జట్లు చేసి, ఒక జట్టుకు శానిటోరియంలో, రెండో జట్టుకు వాళ్ల ఇరుకు ఇళ్లలోనే ఒకే మందులు ఏడాదిపాటు ఇచ్చారు. 1959లో ఫలితాలు వెలువడ్డాయి. ఇంట్లో మందు తీసుకున్నవాళ్లు, తిండి తక్కువగా ఉన్నా, పని ఎక్కువగా ఉన్నా, దాదాపు అంతే బాగా కోలుకున్నారు. ఇంట్లోవాళ్లకు రోగం అంటుకోవడమూ పెరగలేదు. పేద దేశాలన్నిటికీ ఇది మేలు చేసిన పరిశోధన. ఇల్లు విడవలేని స్త్రీకి చికిత్స ఇంటికే వచ్చింది.

కానీ స్త్రీవాదిగా ఇంకో ప్రశ్న అడగాలి. ఆస్పత్రి నుంచి ఇంటికి మారిన సేవను ఎవరు చేశారు? మందు గుర్తుచేయడం, కఫం గిన్నె కడగడం, వేరుగా వండిపెట్టడం ఎవరి పనయింది? రోగి ఆమే అయితే ఆ విశ్రాంతి ఏ అధ్యయనంలోనైనా కొలిచారా? 2023లో ఝార్ఖండ్‌లో జరిగిన ఒక పెద్ద అధ్యయనం క్షయ రోగుల కుటుంబాలకు అదనపు తిండి ఇస్తే మిగతావారికి రోగం రావడం దాదాపు సగం దాకా తగ్గుతుందని చూపింది. అనంతగిరి గుట్ట మీద పాలూ గుడ్లూ పెట్టిన కాలం పూర్తిగా తప్పు కాదన్నమాట. తిండిని వైద్యం నుంచి విడదీసి ఇంటి ఆడవాళ్ల మీద వదిలేశాక అరవై ఏళ్లకు మళ్లీ పరిశోధనలోకి తెచ్చుకున్నాం.

పటాన్‌చెరు, భద్రాచలం

ఇక చెప్పక తప్పనివి రెండు. 1985లో హైదరాబాదుకు ఆనుకుని ఉన్న పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ పరీక్షకు స్త్రీలను చేర్చుకున్నారు. ఇది పిల్లలు పుట్టకుండా ఆపే సూది అని వాళ్లకు చెప్పారు. ఇది ఇంకా ప్రయోగ దశలో ఉందని, తాము ప్రయోగంలో భాగమని వాళ్లకు తెలియదు. స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు ఈ సంగతి బయటపెట్టారు. 1986లో ఇతర మహిళా సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసు 2000 దాకా సాగింది.

2009లో ఖమ్మం జిల్లాలో, భద్రాచలం చుట్టుపక్కల, గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే టీకాను పద్నాలుగు వేల మంది దాకా బాలికలకు వేశారు. పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు. చాలామంది ఆదివాసీలు, ఆశ్రమ పాఠశాలల్లో ఉండేవాళ్లు. తర్వాత జరిగిన విచారణలో 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లే సంతకం చేశారని, 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయని పార్లమెంటరీ సంఘం 2013 నివేదిక చెప్పింది. కొందరు బాలికలు మరణించడంతో 2010లో కార్యక్రమం ఆపారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణ తేల్చింది. ఆ టీకా ఆ క్యాన్సరును సమర్థంగా నివారిస్తుందన్నది ఇవాళ స్థిరపడిన విషయం. అయినా ఆ పిల్లల తల్లిదండ్రుల్ని అడగకుండా చేసిన పని, టీకా మంచిదైనందువల్ల మంచిదైపోదు. మంచి మందును మోసంతో ఇస్తే, తర్వాత నిజాయితీగా ఇవ్వబోయినా ఆ ఊరు నమ్మదు. ఆ నష్టం కూడా ఆడపిల్లలదే.

ఈ రెండు సంఘటనల్నీ నేను పరిశోధన వద్దనడానికి చెప్పడం లేదు. పటాన్‌చెరులో నిలదీసిన ఆ స్త్రీశక్తి సంఘటనే 1991లో 'సవాలక్ష సందేహాలు' పుస్తకం తెచ్చింది. స్త్రీల ఆరోగ్యం గురించి స్త్రీలు అడిగే ప్రశ్నలతో నిండిన పుస్తకమది. దాని వెనక పనిచేసిన వీణా శత్రుఘ్న హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో శాస్త్రవేత్త. అంతకు చాలా ముందే, మద్రాసులో వైద్యం చదివిన కొమర్రాజు అచ్చమాంబ ప్రసూతి గురించి, శిశుపోషణ గురించి తెలుగులో పుస్తకం రాశారు. పరిశోధకురాలు తన ప్రశ్నను ఆడవాళ్ల దగ్గర తెచ్చుకుని, జవాబును వాళ్ల భాషలోనే వెనక్కి ఇచ్చే మార్గం మనకు ఉంది. దాన్ని వైద్య కళాశాలలు తమ వారసత్వంగా గుర్తించలేదు, అంతే.

తెల్లబట్టకు ఇంగ్లీషులో ఏమంటారు?

జాతీయ వైద్య కమిషన్ నియమాల ప్రకారం ఇప్పుడు ప్రతి ఎంబీబీఎస్ విద్యార్థీ మొదటి ఏడాది నుంచే పల్లెలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని వాళ్ల ఆరోగ్యాన్ని గమనిస్తూ ఉండాలి. పేరులోనే ఒక పెద్దరికం ఉంది. పద్దెనిమిదేళ్ల పిల్ల యాభై ఏళ్ల కూలీ మనిషిని దత్తత తీసుకోవడమేమిటి? అయినా అవకాశం గొప్పది. ఆస్పత్రి బల్ల మీద మనిషి ఒక రోగంగా కనిపిస్తుంది. ఇంటి గడపలో అదే మనిషి పొయ్యి, పొలం, అప్పు, మొగుడు, తాగునీళ్ల బిందెలతో సహా కనిపిస్తుంది.

తాండూరు సరిహద్దు ఊరు. తెలంగాణ తెలుగులో ఉర్దూ, కన్నడ కలిసి పలుకుతాయి. తండాల్లో లంబాడీ భాష. ఆ ఊళ్లలో ఆడమనిషి తన బాధను చెప్పే మాటలు వేరు. నడుము గుంజుతుంది, పాణం బాగ లేదు, కండ్లు తిరుగుతున్నయ్, తెల్లబట్ట అయితంది అంటుంది. విద్యార్థిని చేతిలోని ప్రశ్నపత్రం ఇంగ్లీషులో ఉంటుంది. అవును, కాదు అనే రెండు గడులు. 'పాణం బాగ లేదు' ఏ గడిలో పడుతుంది? ఆ మాటలో రక్తహీనత ఉండొచ్చు, రాత్రి తిన్న దెబ్బలు ఉండొచ్చు, మూడో ఆడపిల్ల పుట్టిన దిగులు ఉండొచ్చు. దాన్ని 'నీరసం' అని అనువదించి గడి నింపిన క్షణంలోనే పరిశోధనలో సగం పోయింది. మత్తు బల్ల మీది భయాన్ని హైదరాబాదు కమిషన్ వదిలేసినట్టే ఇదీ.

నాలుగో విడత కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 7.7 శాతం మందికి గర్భసంచి తీసేశారని తేలింది. దేశం మొత్తంలో ఆ సంఖ్య 3.2 శాతమే. తెల్లబట్ట అని చెప్పుకున్న మాట ఎక్కడో, ఎవరి చేతిలోనో, ఆపరేషన్‌గా అనువాదమయిందన్నమాట. పిల్లలు పుట్టాక ఇంకెందుకు ఆ సంచి, తీసేస్తే క్యాన్సరు భయం ఉండదు అనే మాటను ఈ ప్రాంతంలో వినని ఆడవాళ్లు తక్కువ. ముప్పైల్లోనే గర్భసంచి పోయినవాళ్ల ఎముకలకు, గుండెకు తర్వాత ఏమవుతోంది? తీయించుకోమని మొదట చెప్పిందెవరు? ఎంత అప్పయింది? నాపరాళ్ల గనుల దగ్గరా, పాలిష్ యూనిట్లలోనూ దుమ్ములో పనిచేసే కుటుంబాల్లో దగ్గును ఎన్నాళ్లకు పరీక్ష చేయించుకుంటారు, అందులో ఆడవాళ్లు ఎన్నాళ్లకు? వికారాబాదులో చదివే అమ్మాయి రెండు నెలల్లో, పెద్ద యంత్రాలేవీ లేకుండా, ఇంటింటికీ తిరిగి అడిగి రాయగలిగిన ప్రశ్నలివి. ఆమె గైడు ఒప్పుకుంటే చాలు.

ఒప్పుకోవడం తేలిక కాదని అందరికీ తెలుసు. త్వరగా అయిపోయే అంశం, ఆస్పత్రి రికార్డుల్లోంచి అంకెలు తీసుకునే అంశం ఎంచుకోమంటారు. ఎవరి పేరు మొదట ఉండాలన్న తగాదా ఉంటుంది. ప్రశ్న వేసింది విద్యార్థిని అయినా వ్యాసం మీద ఆమె పేరు కిందికి జారిపోవడం వైద్య కళాశాలలకే పరిమితమైన విషయం కాదు. మా విశ్వవిద్యాలయాల్లోనూ ఉన్నదే. రూపాబాయి కాలం నుంచి ఇప్పటికి మారినదల్లా, ఇప్పుడు ఆమెకు తన పేరు రాసుకునే హక్కు కాగితం మీద ఉంది. నైతిక సంఘాలున్నాయి. 2009 నుంచి మందుల ప్రయోగాలను ముందుగా నమోదు చేయడం తప్పనిసరి అయింది. పటాన్‌చెరులో లేనివి, భద్రాచలంలో ఉండీ పనిచేయనివి ఇవన్నీ. వాటిని పనిచేయించాల్సింది మనుషులే.

నా దృష్టిలో వికారాబాదు విద్యార్థిని ప్రసంగానికి చివర ఇంకో మెట్టు ఉండాలి. సెమినారు హాల్లో చప్పట్లు అయ్యాక, సర్టిఫికెట్ చేతికొచ్చాక, ఆమె మళ్లీ ఆ ఊరికి వెళ్లాలి. అరుగు మీద కూర్చుని, అమ్మా, మీరు చెప్పిన మాటలు ఇట్లా రాసిన, మీ ఊళ్లె ఇంతమందికి రక్తం తక్కువుంది, దానికి నాకు అనిపించిన కారణాలు ఇవి అని వాళ్ల తెలుగులో చెప్పాలి. అప్పుడు ఆ ఆడవాళ్లలో ఒకరు, అది కాదు బిడ్డా, నువ్వడిగిందే తప్పు అనవచ్చు. లాన్సెట్ అడిగినదానికంటే కష్టమైన ప్రశ్న వేయవచ్చు. ఆ ప్రశ్నను కూడా ఆమె రాసుకుని, అడిగినామె ఒప్పుకుంటే ఆమె పేరుతో సహా, వచ్చే ఏడాది వేదిక మీద చదవాలి.